సెలవులకు ఏ యింటికి?

చదువుల ఊళ్లనుండి పిల్లలు సంక్రాంతికి ఇండ్లు చేరు సందడి మీకందరకును తెలిసినదే. మా పొన్నూరులో ఆ నాలుగు దినములును బస్సుస్టాండులోను, నిడుబ్రోలు రైలుస్టేషనులోను ఇసుక వేసిన రాలదు. వరి కుప్పలు నూర్చుట ముగిసి, మాగాణులలో మినుము పచ్చబడుచుండును. ఇంటింట అరిసెల పాకము వాసన వచ్చుచుండును. 2022వ సంవత్సరపు సంక్రాంతికి మేమును పిండి దంపించుకొని ఆ పనిలోనే యుంటిమి. ఆ దినములలోనే గుంటూరులో ఒక కళాశాల వసతిగృహమున, మేము "మా పిల్ల" యని నలుగురిలో చెప్పుకొనుచున్న అమ్మాయి, వంటవారు ఊళ్లకు పోగా, తాళము వేసిన వంటయింటి ప్రక్క గదిలో మూడు దినములు బిస్కట్లును అరటిపండ్లును తిని గడపినది. ఈ సంగతి మాకు ఫిబ్రవరి నెలలోగాని తెలియలేదు.

తెలిసినది కూడ ఆమె చెప్పగా కాదు. ఆమె గదిలో నుండు మరియొక పిల్ల నోరుజారి చెప్పినది.

మేమనగా ఒక వీధిలోని నలుగురము. ఒకరు బడిపంతులమ్మగా పనిచేసి విరమించినవారు. ఒకరు కుట్టుమిషను పెట్టుకొన్నవారు. తక్కిన యిద్దరము ఇల్లు చూచుకొనువారము. నెలకొక చీటీ పాడుకొనుట, వేసవిలో ఆవకాయ కలిసి పెట్టుకొనుట మా స్నేహము. లోకోపకారము చేయవలెనని సమాజము పెట్టినవారము కాము. 2021 జూలైలో మాలో నొకరి మనుమని పుట్టినరోజునకు ఒక బాలికల ఆశ్రమములో భోజనములు పెట్టించితిమి. (ఈ ఆచార మిప్పుడు మా ప్రాంతమున మిక్కిలి ప్రబలినది. ముక్కు మొగము తెలియనివారి పుట్టినరోజుల పాయసము నెలకు నాలుగైదు సార్లు తిని, మాటిమాటికి చప్పట్లు కొట్టవలసివచ్చు పిల్లల మనస్సులో నేముండునో మేమప్పుడు ఆలోచింపలేదు.) వడ్డనలో మాకు తోడువచ్చిన యొక పిల్ల, చేయి కడుగుకొనుచుండగా మెల్లగా అడిగినది: "అమ్మగారూ, బి.కాం.లో చేరాలంటే ఏమేం కాగితాలు కావాలో మీకు తెలుసా?"

ఆ ప్రశ్నయే మమ్మును పట్టుకొన్నది.

ఆమె తండ్రి పల్నాడు వైపున కౌలుకు పొలము తీసికొని ప్రత్తి వేసి, అప్పులపాలై, ఆమెకు ఏడేండ్లప్పుడు పోయెను. తల్లి మిరపకోతలకు కూలికి పోవుచు, కోతలు లేని దినములలో గుంటూరులో కాయలకు తొడిమలు తీయుచు ఇద్దరు బిడ్డలను సాకి, పిల్ల పండ్రెండవయేట జబ్బుపడి కన్నుమూసెను. అక్కను బాలికల ఆశ్రమములోను, నాలుగేండ్లు చిన్నవాడైన తమ్ముని వేరొక ఊరి బాలుర ఆశ్రమములోను చేర్చిరి. ఆడపిల్లలకు వేరు, మగపిల్లలకు వేరుగదా. 2021 జూనులో ఆమెకు పదునెనిమిది నిండెను. ఆ యేడు కరోనావలన ఇంటరు పరీక్షలు రద్దయి అందరును ఉత్తీర్ణులైరి. కళాశాలలలో ప్రవేశములు మాత్రము శీతకాలముదాక జరుగలేదు. పదునెనిమిది నిండినవారు ఆశ్రమములో ఉండరాదు. కళాశాల ఇంకను తెరువలేదు. నడుమనున్న ఆ నెలలలో ఆ పిల్ల వంటకు సాయము చేయు పనిమనిషిగా అక్కడనే తలదాచుకొన్నది. అందుచేతనే వడ్డనలో మాకు తోడువచ్చినది.

పదునెనిమిది యేండ్లనగా ఏపాటి వయస్సో మన యిండ్లలో మన పిల్లలను చూచుకొన్నచో తెలియును. ఆ యీడు పిల్లవాడు రైలెక్కునప్పుడు మనము పెరుగన్నము కట్టియిచ్చి, దిగినంతనే ఫోను చేయుమని పదిసార్లు చెప్పుదుము. అతని బ్యాంకు పుస్తకము మన బీరువాలోనే యుండును. ఆశ్రమపు పిల్లకు మాత్రము ఆ దినముతో బాల్యము ముగిసినట్లే. అన్నము, పడక, బడి, మందు అన్నియు నొకేచోట నుండెను గనుక, గడప దాటినంతనే అన్నియు నొకేసారి పోవును.

చట్టము ఈ సంగతి నెరుగకపోలేదు. 2015వ సంవత్సరపు బాలల న్యాయ చట్టములో, ఆశ్రమము వీడినవారికి పదునెనిమిది నిండినది మొదలు ఇరువదియొకటి నిండువరకు అనంతర సంరక్షణ యను నొక యేర్పాటు చెప్పబడినది. 2022లో కేంద్ర ప్రభుత్వము వారి మిషన్ వాత్సల్య మార్గదర్శకములలో ఇట్టివారికి నెలకు 4,000 రూపాయల సాయము ఏర్పరుపబడినది. అయితే చట్టములోని 46వ విభాగమున ధనసాయము "చేయవచ్చును" అని యున్నదేగాని "చేయవలెను" అని లేదు. "వచ్చును"కును "వలెను"కును నడుమ ఎంత దూరమున్నదో, పుట్టింటికి పంపుమని మగనిని అడిగిన ప్రతి ఇల్లాలికిని తెలియును. మరియొక చిక్కు వయస్సుది. తల్లిదండ్రులు పోయి, బంధువుల యిండ్లలో తిరిగి తిరిగి ఆశ్రమము చేరిన పిల్లలు చాలమంది బడిలో ఒకటి రెండేండ్లు వెనుకబడియే యుందురు. అట్టివారికి డిగ్రీ ముగియునాటికి ఇరువదిరెండో ఇరువదిమూడో వచ్చును. చట్టము లెక్కించునది పుట్టినతేదీని. వారి తరగతిని కాదు.

ఈ 4,000 రూపాయల సంగతి మా చెవిన పడునాటికి ఆమె రెండవ సంవత్సరములో నున్నది. అడిగి తెలిసికొనవలసినదని మాకు తోచకపోవుట మా తప్పు. పిమ్మట జిల్లా బాలల సంరక్షణ విభాగమునకు దరఖాస్తు పెట్టించితిమి, కొంతకాలమునకు మంజూరయినది. ఇది చదువు సోదరీమణులలో ఎవ్వరైనను ఇట్టి పిల్లను ఎరిగియున్నచో, పదునెనిమిది నిండుటకు ఆరునెలల ముందే ఆ కచేరికి పోయి అడుగుడు. మేము ఏడాదిన్నర పోగొట్టితిమి.

ఇక కాగితముల కథ. ప్రవేశపు దరఖాస్తులోను ఫీజు రాయితీ దరఖాస్తులోను అడిగిన ప్రతి గడియు ఒక యిల్లున్నదనియు, ఆ యింట తల్లిదండ్రులున్నారనియు అనుకొని వ్రాసినదే. తండ్రి ఆదాయము. రేషను కార్డు సంఖ్య. శాశ్వత చిరునామా. 2021లో మన రాష్ట్రమున ఫీజు సొమ్మును కళాశాలలకు గాక విద్యార్థుల తల్లుల ఖాతాలలో వేయు పద్ధతి మొదలయినది. తల్లి చేతిలో డబ్బు పడిన, ఆమె కళాశాలకు పోయి చదువెట్లున్నదో విచారించునని దాని తలంపు. స్త్రీలమైన మాకు ఆ తలంపు నచ్చినదే. కాని "తల్లి ఖాతా సంఖ్య" యను గడియెదుట ఆ పిల్ల కలము పట్టుకొని కూర్చుండిపోయినప్పుడు, ఎంత మంచి తలంపునకైనను వెలుపల నిలిచిపోవువారుందురని తెలిసినది. మాలో కుట్టుమిషను ఆమె "నా ఖాతా వేయించండి" అని ముందుకు వచ్చెను. సంబంధమేమని అడిగిరి. సంరక్షకురాలనుటకును వీలులేదు, ఏలనన పదునెనిమిది నిండినవారు పెద్దవారు. పెద్దవారికి సంరక్షకు లుండరు! ఆ పద్ధతి పిమ్మట మారినది. ఆ మొదటి యేడు మాత్రము ఫీజు మా చీటీ డబ్బులోనుండియే కట్టితిమి.

అనాథ పిల్లలను వెనుకబడిన తరగతులలో "ఎ" వర్గమున చేర్చుచు 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఒక ఉత్తరువు చేసినది. ఇది మంచి ఉత్తరువు. కులమేదో చెప్పగల పెద్దదిక్కులేని పిల్లలకు దానివలన చదువులోను కొలువులోను కొంత ఆసరా దొరకును. కాని పదియేండ్లు నిండకముందే తల్లిదండ్రులను పోగొట్టుకొన్నవారికే యది వర్తించును. మా పిల్ల తల్లి పోయినది పండ్రెండవయేట. "రెండేళ్లు ముందు పోయుంటే నాకు సర్టిఫికెట్ వచ్చేదా, పెద్దమ్మగారూ?" అని ఆమె మా పంతులమ్మ నడిగెను. అట్లే, కరోనాలో తల్లిదండ్రులను పోగొట్టుకొన్న పిల్లలకు 2021లో కేంద్రమును, రాష్ట్రమును పదేసి లక్షల రూపాయల యేర్పాటు చేసినట్లు పత్రికలో చదివి, "మా అమ్మ కరోనాకి ముందే పోయింది కదా" అని పత్రిక మడిచిపెట్టెను. అందులో ఈర్ష్య లేదు. లెక్క సరిచూచుకొనుట మాత్రమే. అప్పుడే మాకు తోచినది, ఈ పిల్ల బి.కాం. చదువగోరుటలో వింత లేదని.

ఏలనన బి.కాం. మాకు నచ్చలేదు. నర్సు చదువు చదివించిన వెంటనే కొలువు దొరకునని మాలో ముగ్గురి పట్టుదల. అది మంచి వృత్తియే. కాని తల్లిని ఆసుపత్రి వరండాలో పెట్టుకొని పండ్రెండేండ్ల పిల్ల ఎన్ని రాత్రులు మేలుకొన్నదో మేమడుగలేదు. ఆమె రెండు దినములు మాటాడక ఊరకుండి, మూడవదినమున "మీరు చెప్పినట్టే చేస్తాను" అన్నది. ఆ "చేస్తాను"లో అంగీకారము లేదని మా పంతులమ్మ కనిపెట్టి మమ్మును చీవాట్లు పెట్టెను. మన కడుపున పుట్టిన పిల్లలు మనతో పోట్లాడి తమకు కావలసిన చదువు చదువుదురు. ఈ పిల్లకు మనతో పోట్లాడుటకు హక్కున్నదని తెలియదు. తెలియనిదానిని ఆసరాచేసికొని మనము గెలువరాదు అని ఆమె వాదము. అట్లు బి.కాం. నిలిచినది.

మరియొక తప్పును చెప్పకతప్పదు. మొదటి సంవత్సరమున ఒక మహిళా సభలో, ఇట్టి పిల్లలకు మరికొందరు సాయపడుదురను ఆశతో, ఆమెను వేదికమీద కూర్చుండబెట్టి ఆమె కథ చెప్పితిమి. ముందుగా అడిగితిమి, సరేనన్నది. (ఆమె దేనికి కాదనెను గనుక!) చీరె పెట్టి, ఛాయాచిత్రము తీసిరి. తిరుగుదారిలో బస్సులో ఆమె మాతో నన్న మాట: "ఇంకెప్పుడూ నా సంగతి నలుగురిలో చెప్పకండి. కాలేజీలో మా అమ్మానాన్న ఊళ్లో ఉన్నారని చెప్పుకున్నాను." అబద్ధమాడుట తప్పని మాలో నొకరు అక్కడనే అనబోగా, తక్కినవారము వారించితిమి. ఆ అబద్ధము ఎవరిని మోసపుచ్చినది? జాలిచూపులు తప్పించుకొనుటకు కప్పుకొన్న దుప్పటి యది. ఈ వ్యాసమును గూడ ఆమెకు చదివి వినిపించి, ఆమె తీసివేయుమన్న రెండు సంగతులను తీసివేసియే పంపుచున్నాము. ఆశ్రమము పేరు, కళాశాల పేరు అందుకే వ్రాయలేదు.

ఇప్పుడు ఆ సంక్రాంతి సంగతికి వచ్చెదము. ఫీజు కట్టితిమి, వసతిగృహపు ఖర్చునకు నెలకు తలకు 750 చొప్పున 3,000 రూపాయలు పంపితిమి, రెండు జతల బట్టలు కుట్టించి యిచ్చితిమి; ఇక చేయవలసినదంతయు చేసితిమనుకొంటిమి. సెలవులు వచ్చునని మాకు తోచలేదు. సెలవులనగా మనకు పిల్లలు ఇంటికి వచ్చు దినములు. ఇల్లులేని పిల్లకు నిలువనీడ పోవు దినములు. సంక్రాంతికి వసతిగృహములు మూయుదురు. వేసవిలో నెలకుపైగా మూయుదురు. ఆశ్రమమునకు పోదమన్న పెద్దవారిని ఉంచుకొనుటకు వీలులేదు. ఆ పిల్ల కావలివానిని బతిమాలుకొని గదిలో నుండిపోయినది. మాకు ఫోను ఏల చేయలేదని అడుగగా, "పండగ పూట మీ ఇళ్లకి మీ పిల్లలొస్తారు కదండీ" అన్నది. మాలో నొక్కరికిని బదులు దొరకలేదు.

నాటినుండి నాలుగిండ్లలో వంతులు వేసికొంటిమి. సంక్రాంతి ఒకరింట, వేసవి సెలవులు నెలలో వారమేసి ఒక్కొక్కరింట, దసరా మరియొకరింట. ఈ వంతులు వినగానే మీలో పెద్దవారికి వారాలు జ్ఞాపకమునకు వచ్చియుండును. మన తాతల కాలమున పేదపిల్లలు పట్టణములలో చదువుకొనుచు ఆదివారము ఒకరింట, సోమవారము ఒకరింట వారాలు చెప్పుకొని భోజనము చేసెడివారు. ఎందరు పండితులును ప్లీడర్లును ఆ అన్నముతో పెరిగిరో! ఆ పద్ధతిని మేము పొగడబోము. అది కొన్ని కులముల పిల్లలకే, అందును మగపిల్లలకే దొరకినది; అంటరానివారని వెలుపల నిలిపిన పిల్లలకు ఆ గడపలు తెరువలేదు. వారములబ్బాయిచేత నీళ్లు తోడించి, చంటిపిల్లల నెత్తించి అన్నము పెట్టిన యిండ్లును కలవు. అయినను అందులో నొక కిటుకున్నది. ఒక్క యింటికి బరువైనది ఏడిండ్లకు బరువు కాదు. పిల్లవానికిని ఒక్క యింటి గడపయే దిక్కు కాదు. ఒకరు విసుగుకొన్నను ఆరుగురు మిగులుదురు.

వంతులు మొదట సరిగా సాగినవని వ్రాసిన అసత్యమగును. మొదటి వేసవిలో మా యిండ్లకు వచ్చినప్పుడు ఆమె తెల్లవారక మునుపే లేచి, వాకిలి ఊడ్చి, గిన్నెలు తోమి, మేము లేచునప్పటికి కాఫీ నీళ్లు పొయ్యిమీద పెట్టెడిది. "ఎంత పనిమంతురాలు!" అని మేము మురిసితిమి. ఒకరింట పనిమనిషిని పదిదినములు మానిపించుట కూడ జరిగినది! ఇది వ్రాయుటకు చేయి రాకున్నది, కాని జరిగినది. ఆ యింటి కోడలు, బయటి ఊరినుండి వచ్చిన చదువుకొన్న పిల్ల, ఒకనాడు అత్తగారితో "అత్తయ్యా, ఆ అమ్మాయి అద్దె కడుతోంది" అన్నది. ఆ ఒక్కమాటతో మాకు కన్నులు విచ్చినవి. మన ఆడపిల్ల సెలవులకు వచ్చిన, ఎనిమిది గంటలదాక నిద్రపోయి, లేచి "టిఫినేంటి?" అని అడుగును. ఆ అడుగుటకు వెనుక పదునెనిమిదేండ్ల భద్రత కలదు. ఈ పిల్ల నిద్రలేచు గంట ఆలస్యమగుటకు మాకు రెండేండ్లు పట్టినది. మూడవ వేసవిలో ఒకనాడు ఆమె తొమ్మిదింటికి లేచి, "పిన్నిగారూ, ఇడ్లీలోకి ఇవాళ కూడా బొంబాయి చట్నీయేనా?" అని ముఖము చిట్లించెను. ఆనాడు మా కుట్టుమిషను ఆమె ఆ మాట చెప్పుటకు మా ముగ్గురి యిండ్లకును పరుగెత్తుకొని వచ్చెను. "అమ్మగారూ" పోయి "పిన్నిగారూ" ఎప్పుడు వచ్చినదో మేము గుర్తించనైనను లేదు.

ఒక్క పెద్దమనిషి చేయి విడువకున్న ఏమగునో మా ప్రాంతపు చరిత్రలోనే యున్నది. టంగుటూరి ప్రకాశము పంతులుగారు చిన్ననాడే తండ్రిని పోగొట్టుకొనగా, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ల యిల్లు నడపి పిల్లలను పెంచెను. అచ్చటి మిషను పాఠశాలలో ఉపాధ్యాయుడైన ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు ఆ బాలుని చేరదీసెను. చేరదీసి చదువు చెప్పుట వింతకాదు. ఆయన రాజమహేంద్రవరము పోవునప్పుడు శిష్యుని గూడ తనవెంట తీసికొనిపోయి, పిమ్మట చెన్నపట్టణమునకు న్యాయశాస్త్రము చదువుటకు పంపించెను. ఆ బాలుడే 1953లో ఆంధ్రరాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రి యయ్యెను. అయితే ముఖ్యమంత్రి యగుట కథలో చిన్నసంగతి. బడి ముగిసిన పిమ్మట గూడ ఉపాధ్యాయుడు బాధ్యత ముగియలేదనుకొనుట పెద్దసంగతి. ఆడవారి విషయమునకు వచ్చిన, 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణగారును లక్ష్మీబాయమ్మగారును గుంటూరులో శారదా నికేతనము స్థాపించి, దిక్కులేని స్త్రీలకు విద్య గరపిరి. ఆ ఊరికే మా పిల్ల నూరేండ్ల తరువాత చదువునకు పోయినది.

రెండవ సంవత్సరము నడుమ ఆమె చదువు మానివేయబోయెను. కారణము మేమెవ్వరము ఊహించినది కాదు. పరీక్షలు బాగుగనే వ్రాసినది. డబ్బు అందుచునే యున్నది. తమ్ముని ఆశ్రమములో ఆ పిల్లవానికి కామెర్లు వచ్చి తగ్గినవి. కబురు ఆమెకు ఇరువది దినముల తరువాత తెలిసినది. "వాడికి బాగోకపోతే చెప్పాల్సిన నెంబరు నాది కాదు. నేను పనిలో చేరి, ఇల్లు తీసుకొని, వాణ్ణి తెచ్చుకుంటాను" అని పట్టుబట్టెను. బట్టల దుకాణములో పనికూడ మాటాడుకొని వచ్చినది. చదువు విలువనుగూర్చి మేము చెప్పిన మాటలన్నియు చెవిటివాని ముందు శంఖమయ్యెను. తుదకు పంతులమ్మగారు ఆమెను వెంటబెట్టుకొని ఆ బాలుర ఆశ్రమమునకు పోయి, పెద్దలతో మాటాడి, పిల్లవాని పేరుకెదుట అక్క ఫోను నెంబరును, దానిక్రింద తన నెంబరును వ్రాయించి, నెలకొకసారి చూచివచ్చుటకు అనుమతి తీసికొని వచ్చెను. నెలకొకసారి బస్సు ఖర్చు 160 రూపాయలు. మా నెలపద్దులలో ఇంత తక్కువ మొత్తము ఇంత పెద్దపని చేసినది లేదు. మరునాడు ఆమె కళాశాలకు పోయినది.

2024లో బి.కాం. ముగిసి, గుంటూరులో ఒక ఆడిటరుగారి కార్యాలయమున లెక్కలు వ్రాయు కొలువు దొరకినది. జీతము 14,000. ఉద్యోగము దొరకిన నాడు మిఠాయి పట్టుకొని నాలుగిండ్లకును వచ్చి, మేము మూడేండ్లు పంపిన డబ్బు నెల నెలకు వ్రాసిపెట్టిన చిన్న పుస్తకమొకటి మాయెదుట పెట్టినది. తీర్చుకొందునని కాబోలు. మా పంతులమ్మ ఆ పుస్తకమును బీరువాలో పెట్టి తాళము వేసెను. అది ఇంకను అక్కడనే యున్నది. ఆమెయు అప్పుడప్పుడు అడుగుచునే యున్నది.

2025 జూనులో తమ్మునికి పదునెనిమిది నిండనుండెను. బడికి ఆలస్యముగ పోయినవాడు గనుక ఇంటరు మొదటి సంవత్సరము మాత్రమే ముగిసినది. మే నెలలో ఆమె ఫోను చేసి, "పిన్నిగారూ, ఒక్క సంతకం కావాలి, మీరు నలుగురూ రాగలరా?" అని అడిగినది. గుంటూరులో ఒక గదియు వంటిల్లును అద్దెకు చూచుకొన్నది. ఇంటి యజమానురాలు మంచిదే గాని, పెండ్లికాని పిల్లకు, అందును తల్లిదండ్రులు లేని పిల్లకు ఇల్లిచ్చుటకు వెనుదీసి, "మీ వాళ్లెవరో ఒకసారి రమ్మను" అన్నదట.

నలుగురమును పొన్నూరులో ఉదయపు బస్సెక్కితిమి. ఒకరు పాత గ్యాసుపొయ్యిని బాగుచేయించి గోనెసంచిలో కట్టించుకొనిరి. ఒకరు ఆ యేటి మినుములు అయిదు కిలోలు, ఒకరు ఆవకాయ జాడీ. యజమానురాలు వాకిట కుర్చీలు వేసి, మంచినీళ్లిచ్చి, మీకేమి కావలెనని మా వరుస అడిగెను. మేము నోరు తెరువకముందే ఆ పిల్ల, "ఈవిడ పెద్దమ్మ, వీళ్లు ముగ్గురూ పిన్నులు" అని చెప్పినది. కాగితముమీద నాలుగు సంతకములు చేసితిమి. తమ్ముడు అప్పటికే పొయ్యి లోపలికి మోసికొనిపోయి, ఏ మూల పెట్టవలెనని అక్కతో వాదులాడుచుండెను.